పిల్లల పాట మీద పెద్దోళ్ల పెత్తనం

మొన్న పొద్దుగాల సిద్దిపేటల దుబ్బాక బస్సెక్కిన. నా ముందు సీట్ల ఒక తల్లి, ఆమె ఒళ్లె రెండేండ్లు గూడ నిండని పోరడు. పోరని చేతుల ఫోను, ఫోన్ల బేబీ షార్క్ పాట. అయిపోతది, మళ్ల షురువైతది. అయిపోతది, మళ్ల షురువైతది. పక్క సీట్ల పెద్దాయన కొంచెం సేపు ఓర్సుకున్నడు. ఇగ ఆగలేక, "ఏం పాట బిడ్డా గది? తలా తోకా లేదు. బంజెయ్ జర" అన్నడు. ఆ తల్లి ముఖం చిన్నబోయింది. గప్పున బంజేసింది. పోరడు శోకం ఎత్తుకున్నడు. పావుగంట సేపు బస్సంత ఆ ఏడుపే. ఆఖరికి పెద్దాయననే "నీకు దండం పెడ్త బిడ్డా, పెట్టు, గా సొరచాపనే పెట్టు" అన్నడు. బస్సు బస్సంత నవ్వింది.

ఆ తల్లి మాత్రం నవ్వలె.

ఆ పాటను తిట్టినోళ్లల్ల నేను గూడ ఉన్న, అబద్ధమెందుకు. సుట్టాల ఇంటికి పోతే ఆ పాట, పెండ్లికి పోతే మూలకు కూసున్న పోరని చేతుల ఆ పాట. గని ఆమె నవ్వకపోవుడు నా మనసుల పడ్డది. పాటను తిట్టినట్టే తిట్టి మనం అసలు ఎవర్ని తిడుతున్నం? ఇంటికొచ్చినంక ఈ పాట మీద దునియాల ఎవరెవరు ఏమేం చేసిండ్రో సదువుకుంట కూసున్న. సదివినకొద్దీ నవ్వు తగ్గింది.

పాట ముచ్చట అందరికీ ఎరుకే. దక్షిణ కొరియాల పింక్‌ఫాంగ్ అనే పిల్లల బ్రాండు 2016 జూన్‌ల యూట్యూబుల పెట్టిన వీడియో ఇది. రెండు నిమిషాల పైచిలుకు ఉంటది. పిల్ల సొరచాప, అమ్మ, నాయిన, అవ్వ, తాత, అంతా వరుసగ వస్తరు, వేటకు పోతరు, చిన్న చాపలు ఉరుకుతయి, తప్పించుకుంటయి, కథ ఖతం. 2017ల ఇండోనేషియా పోరగాళ్లు దానికి డాన్సులేసి ఎగిరిచ్చిండ్రు. 2018ల ఇంగ్లండుకు పోయింది. 2019 జనవరిల అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టీల 32వ నంబరు కాడ కూసున్నది. 2020 నవంబరుల డెస్పసీతో పాటను దాటేసి యూట్యూబుల ఎక్కువ మంది చూసిన వీడియో అయింది. 2022 జనవరిల వెయ్యి కోట్ల వ్యూలు దాటింది, అంతకు ముందు ఏ వీడియో గూడ ఆ లెక్క దాటలె. ఇప్పుడు 1600 కోట్లు దాటింది. అంటే భూమ్మీద ఉన్న మనుషుల లెక్కకు రెట్టింపు.

గింత పెద్ద పాట మీద పెద్దోళ్ల మాట ఏందంటే, చెత్త పాట, మెదడు తినే పాట, పిల్లలను పాడుచేసే పాట. పెద్ద పెద్ద సదువులు సదివినోళ్లు గూడ ఇదే మాట.

తలా తోకా లేని పాట అన్నడు కదా బస్సుల పెద్దాయన. మరి మన ఏడు చాపల కథ సంగతేంది? రాజు కొడుకులు ఏడు చాపలు తెచ్చుడు, అందులో ఒకటి ఎండకపోవుడు, ఎందుకు ఎండలేదని చాపను అడుగుడు, చాప గడ్డి మీదికి చెప్పుడు, గడ్డి ఆవు మీదికి చెప్పుడు, ఆఖరికి చీమ కాడికి పోవుడు. చాపకు ఉన్న తలా తోకా ఆ కథకు ఉన్నదా? అయినా మా అవ్వ రాత్రి ఒకసారి చెప్తే సాలకపోయేది మాకు. మళ్ల చెప్పు, మళ్ల చెప్పు అని పానం తీసేటోళ్లం. చెమ్మచెక్క ఆడినప్పుడు గానీ ఒప్పులకుప్ప తిరిగినప్పుడు గానీ పదాలకు అర్థం ఎవరన్న అడిగిండ్రా? చిన్న పిల్లగానికి దునియాల అన్నీ కొత్తయే. ఎప్పుడు ఏమైతదో ఎరుక లేదు. అసొంటోనికి ముందుగాల ఏం వస్తదో తెలిసిన పాట ఒకటి దొరికితే పండుగ. అమ్మ అయినంక నాయిన వస్తడని వానికి ఎరుకే. ఎరుకైంది ఎరుకైనట్టు వచ్చుడే వాని సంబురం. తిక్క పాట పిల్లల హక్కు అంటా నేను. పాటను నేను తప్పు పట్ట.

తప్పు వేరే కాడ ఉన్నది.

అమెరికాల ఫ్లోరిడా రాష్ట్రంల వెస్ట్ పామ్ బీచ్ అని ఒక ఊరున్నది. పైసలున్నోళ్ల ఇలాక. ఆడ నీళ్ల ఒడ్డుకు లేక్ పెవిలియన్ అని ఒక హాలు, పెండ్లిళ్లకు, పార్టీలకు నగరపాలక సంస్థ కిరాయికి ఇస్తది. ఏడాదికి సుమారు 2,40,000 డాలర్ల ఆమ్దానీ. ఇల్లు లేనోళ్లు రాత్రిళ్లు ఆ హాలు వరండాల పంటుండె. 2019 జూలైల నగరం పెద్దలు ఒక ఉపాయం చేసిండ్రు. లాఠీ లేదు, పోలీసు లేదు. రాత్రంత స్పీకర్లల్ల బేబీ షార్క్, దానికి తోడు రెయినింగ్ టాకోస్ అనే ఇంకో పిల్లల పాట, తిప్పి తిప్పి పెట్టిండ్రు. నిద్ర పట్టకపోతే వాళ్లే లేసిపోతరు. కిరాయికి తీసుకున్నోళ్లకు శుభ్రమైన జాగ ఇయ్యాలె కదా అన్నరు అధికారులు. ఆడ పండేటాయన ఒకాయన పేపరోళ్లతోని, నాకేం కాదు, నేను ఈడ్నే పంట, గని గవే పాటలు తిరిగి తిరిగి వస్తున్నయి అన్న తీరుగ చెప్పిండు.

సోంచాయించుండ్రి. ఇల్లు లేనోనికి ఇల్లు ఇచ్చే సోయి లేదు. వాడు కండ్లకు కనబడకుండ చేసే ఉపాయం మాత్రం ఉన్నది. అది గూడ పసిపిల్లల పాటతోని. చెయ్యి ఎత్తకుంట, మరక పడకుంట కొట్టిండ్రు. ఎవరన్న అడిగితే, అరే, పిల్లల పాటే కదా, నవ్వండి అంటరు. ఆ వార్త వచ్చినప్పుడు చాన మంది నవ్విండ్రు గూడ.

అదే ఏడు చలికాలం ఓక్లహోమా సిటీ జైళ్ల ఇంకో ముచ్చట. ఇది సదివి ఆ రాత్రి నాకు బువ్వ సరిగ పోలె. నవంబరు, డిసెంబరు నెలలల్ల ఆడి జైలు సిబ్బంది ఖైదీలను ఒక్కొక్కరిని వకీలుతోని మాట్లాడే గదికి తీస్కపోయి, చేతులు ఎనుకకు విరిచి బేడీలేసి, ఆ బేడీలను గోడకు తగిలిచ్చి నిలబెట్టిండ్రు. పెద్ద సప్పుడుతోని బేబీ షార్క్ పెట్టిండ్రు. తిప్పి తిప్పి, రెండు గంటల దాక. కూసోనీకి లేదు, చెవులు మూసుకోనీకి చేతులు లేవు. వాళ్లు శిక్ష పడ్డోళ్లు గాదు, ఇంకా విచారణ గూడ గాలేదు. 2020 అక్టోబరుల ఇద్దరు సిబ్బంది మీద, వాళ్ల పై అధికారి మీద కేసులైనయి. అవి గూడ చిన్న నేరం కింది కేసులే. ఆ సిబ్బంది ఇద్దరి వయసు 21 ఏండ్లు. మీ అసొంటి పోరగాళ్లే తమ్ముడూ. తర్వాత ఖైదీలు నష్టపరిహారం కోసం దావా వేసిండ్రు. దావా వేసినోళ్లల్ల ఒకాయన 2022 సెప్టెంబరుల మళ్ల అదే జైలుకు పోయి, ఆడ్నే పానం ఇడిసిండు.

జైళ్లల్ల సంగీతంతోని హింస పెట్టుడు అమెరికోళ్లకు కొత్త గాదు. ఇరాక్‌ల, గ్వాంటనామోల పట్టుకున్నోళ్లకు సప్పుడు పాటలు పెట్టి నిద్ర లేకుంట చేసిన సంగతి దునియాకు ఎరుకే. సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమం పాటలను గూడ గట్లనే వాడిండ్రు. ఎందుకు పిల్లల పాటలే దొరికినయి వాళ్లకు? పెద్దోని చెవుల గంటల తరబడి పిల్లల పాట పెట్టుడంటే, నువ్వు మనిషివి గాదు, నువ్వు ఆటబొమ్మవు అని చెప్పుడే. హింసకు తోడు ఎక్కిరింపు.

ఇప్పుడు అదే పాట, అదే ఏడు, ఇంకో దేశం. 2019 అక్టోబరు. లెబనాన్ దేశంల సర్కారు వాట్సాప్ కాల్స్ మీద గూడ పన్ను ఏస్తనన్నది. అప్పటికే కరెంటు లేదు, కొలువులు లేవు, లీడర్లు దోసుకున్నరు. జనం సడకుల మీదికి వచ్చిండ్రు. రాజధాని బేరూత్ పక్కపొంటి బాబ్దా అనే కాడ, రాత్రి పూట, ఒక తల్లి కారు ఆ గుంపు నడుమ చిక్కుకున్నది. ముందు సీట్ల 15 నెలల కొడుకు. ఆమె అద్దం దించి, పిల్లగాడు ఉన్నడు, జర సప్పుడు తగ్గియ్యుండ్రి అన్నది. ఆ గుంపుల ఉన్నోళ్లు ఏం చేసిండ్రో ఎరుకనా? కారు సుట్టు నిలబడి చేతులూపుకుంట, డాన్సులేసుకుంట బేబీ షార్క్ పాడిండ్రు. ఆ పిల్లగాడు కండ్లు ఇంతింత చేసుకొని చూస్తడు వాళ్ల దిక్కు. ఆ వీడియో దేశమంత తిరిగింది. అటెనుక ఆ ఉద్యమంల బేబీ షార్క్ గూడ ఒక పాట అయి కూసున్నది.

నేను ఎన్నో ధర్నాలల్ల కూసున్న, రాస్తారోకోలు చేసిన. రోడ్డు మీద కూసున్నప్పుడు ఆగిపోయిన బండ్లల్ల పసిపిల్లలు ఉంటరని మాకు యాదికి వచ్చిన సందర్భాలు తక్కువ. ఆ వీడియో చూసినంక నాకు సిగ్గనిపిచ్చింది, సంబురం గూడ అనిపిచ్చింది. ఆ పోరగాళ్లు ఎవరూ నేర్పకుంటనే ఉద్యమానికి ఒక మంచి మర్యాద నేర్పిండ్రు.

పాట ఒక్కటే. ఒక కాడ నిద్ర చెడగొట్టే దెబ్బ అయింది, ఇంకో కాడ బుగులు తీసే మాట అయింది. ఆ ఏడే వాషింగ్టన్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు గెరార్దో పార్రా తన చిన్న బిడ్డకు ఇష్టమని బ్యాటింగ్‌కు వచ్చేటప్పుడు ఆ పాట పెట్టిచ్చుకున్నడు, స్టేడియం స్టేడియమే చప్పట్లు కొట్టింది, జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది, వైట్‌హౌజ్‌ల మిలటరీ బ్యాండోళ్లు గూడ అదే వాయించిండ్రు. ఓక్లహోమాల ఖైదీలను గోడకు తగిలిచ్చింది గూడ అదే నవంబరుల్నే.

ఇగ పాట ఎవరిది అనే పంచాయితి. ఇది జర శ్రద్ధగ వినుండ్రి, మన పాటలకు గూడ పనికొచ్చే ముచ్చట.

బేబీ షార్క్‌ను పింక్‌ఫాంగోళ్లు పుట్టియ్యలె. అమెరికాల పిల్లల క్యాంపులల్ల ఎన్నో ఏండ్ల సంది మంట సుట్టు కూసొని పాడుకున్న పాట అది. ఎవరు కట్టిండ్రో ఎవ్వలికీ ఎరుక లేదు. ఊరికో తీరు, నోటికో తీరు. కొన్ని కాడ సొరచాప చెయ్యి కొరికేస్తది, కాలు కొరికేస్తది, మనిషి సచ్చి సర్గం పోతడు. జర్మనీల గూడ పింక్‌ఫాంగ్ కంటె చాన ముందుగాల్నే ఒక తీరు పాట పేరుకొచ్చింది. జానీ ఓన్లీ అనే అమెరికా పిల్లల పాటగాడు ఆ కొరుకుడు తీసేసి 2011ల వీడియో చేసిండు.

2018ల కొరియాల స్థానిక ఎన్నికలు వచ్చినయి. లిబర్టీ కొరియా పార్టీ అనే పెద్ద పార్టీ ప్రచారానికి ఈ పాట వాడుకున్నది. కంపెనీ ఏమన్నది? మా పాట, మా హక్కు, కోర్టుకీడుస్తం అన్నది. పార్టోళ్లు, మేము జానీ ఓన్లీని అడిగి ఆయన పాట తీసుకున్నం అన్నరు. అది చూసి జానీ ఓన్లీ 2019ల కంపెనీ మీదనే సియోల్ కోర్టుల కేసేసిండు. ఇప్పుడు కంపెనీ ఏమన్నది? ఈ పాట ఎవ్వలిదీ గాదు, జనం పాట, నీకు హక్కెక్కడిది అన్నది. చూసిండ్రా ఇకమతు. వేరేటోళ్లు వాడుకుంటే మా సొత్తు, మమ్ముల అడిగితే జనం సొత్తు. కింది కోర్టుల, పై కోర్టుల ఆయన ఓడిండు, 2025 ఆగస్టుల సుప్రీంకోర్టు గూడ అదే ఖాయం చేసింది. జానపదానికి ఆయన చేసిన మార్పులు కొత్త రచన అనేటంత లేవన్నది. ఆ తీర్పు నాకు తప్పనిపియ్యలె. జనం పాటను ఒక్కడు పట్టా చేసుకోవద్దు, నిజమే. గని మూడు నెలలకే, 2025 నవంబరుల, పింక్‌ఫాంగ్ కంపెనీ కొరియా షేర్ల మార్కెట్ల లిస్టయింది. ఎవ్వలిదీ గాని పాట మీద నిలబడ్డ కంపెనీ షేర్లు ఇయ్యాల అమ్ముడుపోతున్నయి. క్యాంపు మంటల కాడ ఆ పాట కట్టినోళ్ల పేరు లేదు, ఊరు లేదు.

మనకు గూడ ఇసొంటి లొల్లి కొత్త గాదు. 2021ల లవ్ స్టోరీ సినిమాల సారంగ దరియా వచ్చినప్పుడు పల్లె నుంచి ఆ పాట పట్టుకొచ్చి టీవీల పాడిన గాయని ఒకామె, నేను తెచ్చిన పాట అన్నది. సుద్దాల అశోక్ తేజ, పల్లవి జానపదం, చరణాలు నేను రాసిన అన్నడు. నెలరోజులు ఫోన్లల్ల అదే కొట్లాట. మొట్టమొదలు నాట్లేసుకుంట ఆ పల్లవి అన్న ముసలవ్వ ఎవరో ఎవ్వలన్న అడిగిండ్రా? యూట్యూబుల జానపదాలు పెట్టే పోరగాళ్లు మా ఊర్లల్ల మస్తుమంది ఉన్నరు. పాట ఎవరి నోట విన్నరో, ఏ ఊర్ల విన్నరో వీడియో కింద ఒక్క ముక్క రాయుండ్రి. పైసలు ఖర్చు గావు దానికి.

పాటల ఉన్న మాటలను తిట్టాలంటే తిట్టే కాడ తిట్టుండ్రి. కొరియా భాషల పాడినప్పుడు అమ్మ సొరచాప అందగత్తె, నాయిన సొరచాప బలమంతుడు. అవ్వ మంచిది, తాత హుషారోడు. నీళ్లల్ల ఉన్న సొరచాపకు గూడ మన ఇండ్లల్ల ఉన్న వరుసలే తొడిగిండ్రు. ఆడ కొంతమంది ఇది తప్పని అడిగిండ్రు. తలా తోకా లేదనుడు కంటె అది పనికొచ్చే అడుగుడు.

యూట్యూబోళ్ల సంగతి గూడ చెప్పాలె. రెండేండ్ల పిల్లగాడు వీడియో దాటెయ్యడు, విసుగు పడడు, మళ్ల మళ్ల చూస్తడు. ఆ మళ్ల మళ్ల చూసుడే వాళ్ల యాపారం. 2019 సెప్టెంబరుల అమెరికా సర్కారు సంస్థ ఎఫ్‌టీసీ, పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రులను అడగకుంట జమ చేసి యాడ్లకు వాడుకున్నరని గూగుల్, యూట్యూబ్ మీద కేసు పెడితే 17 కోట్ల డాలర్లు కట్టి ఒప్పందం చేసుకున్నరు. మన దేశంల 2023ల వచ్చిన డేటా రక్షణ చట్టం గూడ పిల్లలను ఎంబడి పడి యాడ్లు సూపియ్యద్దు అంటది. మా ఇంట్ల ఫోన్ ఒక్కటే. అది నాయిన పేరు మీద, నాయిన ఖాతా మీద నడుస్తది. అండ్ల చూసేది పిల్లగాడని ఆ చట్టానికి ఎట్ల ఎరుకైతదో నాకైతే సమజ్ కాలె.

ఇగ బస్సుకాడికి వస్త. ఫోను ఇయ్యుడు మంచిదని నేను అంటలేను. ఏడాది నిండని పిల్లలకు తెర అసలే సూపియ్యద్దు, రెండు నుంచి నాలుగేండ్లోళ్లకు రోజుకు గంట దాటద్దు అని 2019లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ ముచ్చట నేను ఆ తల్లితోని అందామనే నోరు తెరిచిన. ముందుగాల మామూలుగ అడిగిన, "ఎప్పుడు ఇస్తవమ్మా వానికి ఫోను?" అని.

"పత్తి ఏర పోయినప్పుడన్నా," అన్నది. "చెట్టు కింద కూసోబెట్టి ఇస్త. లేకుంటె నా ఎంబడే సాళ్లల్లకు వస్తడు. పురుగు పుట్ర ఉంటయి. మా అత్తకు కండ్లు కనబడయి."

నేను తెరిచిన నోరు మూసుకున్న.

అంగన్‌వాడీల ఆటపాటలు మూడేండ్లు దాటినోళ్లకు. మూడేండ్ల లోపు పిల్లలకు బాలామృతం ప్యాకెట్ ఇంటికిస్తరు, పిల్లగాన్ని పట్టుకునేటోళ్లు ఎవ్వలుండరు. 2005 ఉపాధి హామీ చట్టంల ఒక మంచి మాట రాసి ఉండె. పనికాడికి ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకన్న ఎక్కువ వస్తే, వాళ్లను చూసుకునేటందుకు ఒక ఆడమనిషిని పెట్టి, ఆమెకు గూడ కూలి కట్టియ్యాలె. నేను తిరిగిన పనులల్ల అట్ల పెట్టిన ఒక్క మనిషిని నేను చూడలె. పత్తి చేన్లకైతే ఆ మాట గూడ వర్తించదు. 2023 సెప్టెంబరుల అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మె చేసి రోడ్డు మీద కూసున్నరు. అప్పుడు టీచర్‌కు నెలకు 13,650 రూపాయలు, దాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటరు. పిల్లలకు మంచి పాటలు నేర్పాలె అని ఫేస్‌బుక్‌ల రాసేటోళ్లల్ల ఆ టెంట్ల కాడికి ఎంతమంది పోయిండ్రు? ఊరూరికి పిల్లలను పగటీలి చూసుకునే జాగ ఒకటి కావాలె, మూడేండ్ల లోపోళ్లకు గూడ. పంచాయతీల ఇది అడుగుండ్రి తమ్ముడూ, చెల్లె. గ్రామసభల లేసి నిలబడి అడుగుండ్రి. నవ్వుతరు, నవ్వనియ్యుండ్రి.

మలుపు కాడ బస్సు ఆగింది. సడుగు పక్కకు సంచులు పట్టుకొని నలుగురైదుగురు ఆడోళ్లు నిలబడ్డరు, ఆమె కోసమే సూస్తున్నరు. పోరడు నిద్రపోయిండు. పాట ఇంక నడుస్తనే ఉన్నది. ఆమె పాట బంజేసి, ఫోన్ల చార్జింగు ఎంతున్నదో చూసుకున్నది.

"పొద్దుగూకే దాక ఆగాలె," అనుకుంట దిగింది.